పక్కకి ఒరిగి మళ్ళీ నిలదొక్కుకోగలరా? రెండు వెయిట్ మెషిన్లతో బ్యాలెన్స్ కొలిచే పద్ధతి

బ్యాలెన్స్ ఎలా ఉందో చూడమంటే మనలో చాలామంది మనిషిని నిలబెట్టి, కళ్ళు మూయించి, తూలుతున్నాడా లేదా చూస్తాం. లేదా ఒంటికాలి మీద నిలబెట్టి సెకన్లు లెక్కపెడతాం. రెండూ పనికొచ్చే పరీక్షలే. అయితే ఒడిశాలో మన కాశీనగర్, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పడిపోయి వచ్చేవాళ్ళని ఎలా పడ్డారో అడిగి చూడండి. వరి గట్టు మీద ఎదురొచ్చినవాళ్ళకి దారి ఇవ్వబోయి పడ్డామంటారు. నిండు బిందె చంకకెత్తుకోబోతేనో, బస్సు మెట్టు మీద ఒక కాలు వేసి రెండోది లేపబోతేనో పడ్డామంటారు. ఊరికే నిలబడి ఉండగా పడ్డవాళ్ళు తక్కువ. బరువు ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదకి వెళ్ళాలి, సరైన చోట ఆగాలి, అవసరమైతే వెనక్కి రావాలి. ఈ మూడింట్లో ఎక్కడో తేడా కొట్టింది. మనం కొలవాల్సింది దాన్నే.

ఇది ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలకీ, గజపతి, రాయగడ జిల్లాల్లో చిన్న క్లినిక్ నడుపుకునేవాళ్ళకీ రాస్తున్నాను. పెద్ద ఆస్పత్రుల్లో, పరిశోధన ల్యాబుల్లో పాదాల ఒత్తిడిని కొలిచే ఫోర్స్ ప్లేట్ అనే పలక ఉంటుంది. మనకి రెండు వెయిట్ మెషిన్లు, రెండు మూడు ఫోన్లు, ఒక టేపు ఉంటే చాలా దూరం వెళ్ళొచ్చు. ఎక్కడ మోసపోతామో కూడా తెలిసి ఉండాలి. మనిషి ఎంత దూరం ఒరిగాడన్న అంకె అందరికీ నచ్చుతుంది. నా మటుకు నేను అంచు దగ్గర ఎలా ఆగాడు, ఎలా తిరిగొచ్చాడు అన్నదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ముందుగా, ఒంట్లో ఏం జరుగుతుంది

ముందుకీ వెనక్కీ ఊగినప్పుడు సర్దుకునే పని ఎక్కువగా చీలమండది. పక్కలకి ఊగినప్పుడు అలా కుదరదు. పాదం పొడవుగా ఉంటుంది గానీ వెడల్పు తక్కువ, అందుకని చీలమండ పక్కకి తోయగలిగేది కొంచెమే. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి నిలబడ్డప్పుడు పక్కలకి బ్యాలెన్స్ కాచేవి తుంటి కండరాలు. అవి ఒక కాలి మీద బరువు పెంచి, రెండో కాలి మీద తగ్గిస్తాయి. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో డేవిడ్ వింటర్ బృందం 1990లలో ఈ సంగతిని కొలతలతో వివరించింది. మన పద్ధతి పనిచేసేది దీనివల్లే. తుంటి చేసే పని రెండు కాళ్ళ మీది బరువుల తేడాగా బయటపడుతుంది కాబట్టి, రెండు మెషిన్లు దాన్ని పట్టుకోగలవు.

రెండు బిందువుల్ని వేరుగా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒకచోట ఉందనుకునే బిందువు. నిలబడ్డ మనిషిలో అది నేల నుంచి ఎత్తులో సుమారు 55 శాతం దగ్గర, కటి భాగంలో ఉంటుంది. రెండోది పీడన కేంద్రం, అంటే నేల మీద పాదాల ఒత్తిడి మొత్తానికి మధ్య బిందువు. మెషిన్లు చూపించేది రెండోదాన్ని.

మందని కుడికి తోలాలంటే కాపరి ఎడమవైపు నిలబడి అదిలిస్తాడు, అది కుడికి మరీ వెళ్ళిపోతుంటే దాన్ని దాటి కుడివైపుకి పరిగెత్తి అడ్డుకుంటాడు. పీడన కేంద్రం గరిమనాభిని నడిపించేదీ అలాగే. ఒంటిని కుడికి కదిలించాలంటే ముందు అది ఎడమకి జరగాలి. ఆపాలంటే ఒంటికంటే ఎక్కువ కుడికి వెళ్ళాలి. కాబట్టి పీడన కేంద్రం ఎప్పుడూ ఒంటికంటే ఎక్కువ దూరం తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. గరిమనాభి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న మనిషిని తలకిందుల లోలకంగా (కింద ఆధారం, పైన బరువు ఉండి ఊగే కర్రలా) తీసుకుని లెక్క కడితే, ఒక పక్క నుంచి రెండో పక్కకి 3 సెకన్లలో వెళ్ళేటప్పుడు మెషిన్ల మీద కనిపించే దూరంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఒళ్ళు నిజంగా కదులుతుంది. 2 సెకన్లలో అయితే పదింట ఎనిమిది వంతులు. 1 సెకనులో అయితే సగం చిల్లర మాత్రమే. వేగంగా ఊగుతున్నవాడి అంకె పెద్దగా వచ్చిందని సంబరపడకూడదన్నమాట.

సామాను, దాన్ని నమ్మే ముందు పెట్టాల్సిన పరీక్ష

ఒకే కంపెనీ, ఒకే మోడల్ వెయిట్ మెషిన్లు రెండు కొనండి. డిజిటల్‌వి కాకుండా ముల్లు తిరిగేవి కావాలి. చవక డిజిటల్ మెషిన్లలో చాలావాటికి ఒక అలవాటుంది. బరువు నిలకడగా ఉందనుకోగానే అంకెని బిగించేస్తాయి. ఆ తర్వాత మనిషి ఎంత ఒరిగినా అదే అంకె చూపిస్తాయి. కదులుతున్న బరువు చూడాలంటే కదిలే ముల్లే కావాలి.

విప్పని 25 కిలోల బియ్యం బస్తాని రెండు మెషిన్ల మీద మార్చి మార్చి పెట్టండి. రెండూ ఒకే అంకె చూపకపోతే తేడా ఎంతో రాసుకోండి. సరిచేసే మర ఉంటే ముందు సున్నా దగ్గర సరిచేయండి. ఆ తర్వాత ఒక మనిషిని రెండు మెషిన్ల మీద చెరో కాలు పెట్టి నిలబెట్టి, మెషిన్లని అటుదిటు మార్చి మళ్ళీ చూడండి. ఎక్కువ బరువు ఈసారి కూడా అదే కాలి కింద వస్తే తేడా మనిషిలో ఉంది. మెషిన్‌తో పాటు మారితే మెషిన్‌లో ఉంది.

గట్టి సిమెంటు నేల మీదే పెట్టాలి. చాప మీద, మెత్తటి మ్యాట్ మీద పెడితే అంకె తప్పుతుంది. నేల ఎత్తుపల్లాలుగా ఉంటే దళసరి ప్లైవుడ్ ముక్క వేసి, దాని మీద రెండు మెషిన్లూ పెట్టండి. మిగిలినవి ఇంట్లో ఉండేవే: పొడవాటి తువ్వాలు, చేతుల్లేని బరువైన కుర్చీ, టేపు, మార్కర్, ఫోన్ పెట్టడానికి స్టూలు.

పాదాల చోటు

దీని దగ్గర ఓపిక పట్టకపోతే తర్వాత ఏ అంకెకీ అర్థం ఉండదు. పాదాలు ఎడంగా పెడితే ఎవరైనా స్థిరంగానే కనిపిస్తారు. పోయిన నెల 20 సెంటీమీటర్ల ఎడంతో కొలిచి, ఈ నెల 30తో కొలిచి "మెరుగుపడింది" అని రాస్తే ఆ మెరుగు మనిషిది కాదు, ఎడానిది.

పరిశోధనల్లో వాడటానికి 1997లో మెకిల్‌రాయ్, మేకీ అనే ఇద్దరు ఒక ప్రామాణిక నిలుచోవడం ప్రతిపాదించారు. అందులో మడమల మధ్యల దూరం 17 సెంటీమీటర్లు, పాదాల మధ్య కోణం 14 డిగ్రీలు. రెండు మెషిన్లు పక్కపక్కన పెట్టినప్పుడు 17 సాధారణంగా కుదరదు, మెషిన్ల వెడల్పే అడ్డొస్తుంది. ఫర్వాలేదు. పాదాలని మెషిన్ల లోపలి అంచులకి దగ్గరగా పెట్టించి, మధ్య నుంచి మధ్యకి దూరం ఎంతో కొలిచి రాసుకోండి. మళ్ళీ ఎప్పుడు వచ్చినా అదే దూరం ఉండాలి.

దీనికి నేను వాడేది పాత ఫ్లెక్సీ బ్యానర్. పెళ్ళిదో, ఎన్నికలదో, ఏదైనా సరే, వెనక తెల్లగా ఉంటుంది. మెషిన్ పైభాగం సైజుకి రెండు ముక్కలు కత్తిరించి అంటించండి. మనిషిని చెప్పులు విప్పి సౌకర్యంగా నిలబడమని, పాదం చుట్టూ మార్కర్‌తో గీయండి. పేరు, తేదీ రాసి, ముక్కలు ఊడదీసి ఫైల్లో పెట్టుకోండి. బోదకాలు ఉన్నవాళ్ళకి వాపు రోజుని బట్టి మారుతుంది, కాబట్టి వాళ్ళకి పాదం చుట్టూ గీసిన గీత కంటే మడమ మధ్య గుర్తు, రెండో వేలి గుర్తు నమ్మదగ్గవి.

ఎవరికి చేయకూడదు, ఎవరు ఎక్కడ నిలబడాలి

తుంటికో కాలికో ఈమధ్యే ఆపరేషన్ అయి, ఇంత బరువే వేయాలని డాక్టరు చెప్పినవాళ్ళకి ఇది వద్దు. ఛాతీ నొప్పి, లేవగానే కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళకీ వద్దు. కొండ దిగి గంటల తరబడి నడిచి వచ్చినవాళ్ళని వెంటనే మెషిన్ ఎక్కించకండి. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, బీపీ చూసి మొదలుపెట్టండి.

కుర్చీ వెనక ఉండాలి, గోడ ఒక పక్క చేతికందే దూరంలో ఉండాలి. తువ్వాలు నడుముకి చుట్టి ముడి వేసి, వెనక నుంచి వదులుగా పట్టుకోండి. మీరు నిలబడాల్సింది బలహీనమైన కాలి వైపు, అర అడుగు వెనక. మనిషి చెయ్యి మాత్రం పట్టుకోవద్దు. దానికి కారణం కింద ఉంది.

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. దక్షిణ ఒడిశా కొండ జిల్లాల్లో ఆ జబ్బు ఉంది. అది తుంటి ఎముక తలకి రక్తం అందకుండా చేసి దాన్ని దెబ్బతీయగలదు. పాతికేళ్ళ కుర్రాడు గజ్జల్లో నొప్పి అంటూ, ఒక కాలి మీద బరువు వేయడానికి జంకుతుంటే బ్యాలెన్స్ కొలవడం తర్వాత, ముందు ఎక్స్‌రేకీ రక్తపరీక్షకీ పంపండి.

చెప్పే మాట

అందరికీ ఒకే మాట చెప్పాలి. కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. నేను చెప్పేది ఇదీ: "తాతా, కాళ్ళు కదపకుండా, మడమ లేపకుండా, ఒంటి బరువంతా కిటికీ వైపు కాలి మీద వెయ్యి. ఎంత వెళ్ళగలవో అంత వెళ్ళు. పడిపోతానేమో అనిపించేలోపే ఆగు." రెండో వైపుకి "తలుపు వైపు".

కుడి ఎడమ అనడం మానేశాను. తెలుగులో చెప్పింది ఒకరు ఒడియాలోకి, ఇంకొకరు సవరలోకి మారుస్తుంటే కుడి ఎడమ అయిపోతుంది, ఎదురుగా నిలబడ్డ మన చెయ్యి చూసి ఇంకా తికమకపడతారు. కిటికీ, తలుపు ఏ భాషలోనైనా వేలు పెట్టి చూపించొచ్చు. ఇంకో చిక్కు తోడొచ్చినవాళ్ళతో వస్తుంది. మనం చెప్పింది మనవడు తాతకి మార్చి చెబుతూ చివర్లో "ఇంకా, ఇంకా ఒరుగు" అని కలిపేస్తాడు. హుషారెక్కిస్తే కొలత మారిపోతుంది. మాట మార్చకుండా చెప్పమని ముందే బతిమాలుకోండి.

ప్రతి పరీక్షా మూడుసార్లు చేయించండి. మొదటిది అలవాటు కోసం, లెక్కలోకి తీసుకోకండి.

మొదటి కొలత: ఊరికే నిలబడటం

చేతులు పక్కకి వదిలేసి, ఎదురుగా గోడ మీద కంటి ఎత్తులో ఉన్న గుర్తుని చూస్తూ 30 సెకన్లు నిలబడాలి. కిందకి చూస్తే ముల్లుని చూసి సర్దుకుంటారు, చూడనివ్వద్దు. రెండు ముళ్ళూ, పక్కన స్టాప్‌వాచ్ నడుస్తున్న ఇంకో ఫోనూ ఒకే ఫ్రేములో పడేలా వీడియో తీయండి. తర్వాత నెమ్మదిగా ఆడిస్తూ అంకెలు రాసుకోవచ్చు.

లెక్క ఇది: పాదాల మధ్య దూరంలో సగాన్ని, కుడి బరువులో నుంచి ఎడమ బరువు తీసేసిన అంకెతో గుణించి, మొత్తం బరువుతో భాగించాలి. వచ్చింది సెంటీమీటర్లలో పీడన కేంద్రం ఉన్న చోటు. ధనంగా వస్తే కుడివైపు, రుణంగా వస్తే ఎడమవైపు.

లెక్క చూపించడానికి ఒక మనిషిని అనుకుందాం. బరువు 58 కిలోలు, పక్షవాతం వచ్చి ఎడమ పక్క బలహీనపడింది. పాదాల మధ్య దూరం 28 సెంటీమీటర్లు. ఊరికే నిలబడ్డప్పుడు కుడి మెషిన్ 36, ఎడమ మెషిన్ 22. తేడా 14. 14ని 14తో గుణించి 58తో భాగిస్తే సుమారు 3.4. అంటే మధ్య గీతకి 3.4 సెంటీమీటర్లు కుడికి నిలబడి ఉన్నాడు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా సరిగ్గా సగం సగం నిలబడరు. ఒకటి రెండు కిలోల తేడాకి కంగారు పడక్కర్లేదు.

ఈ పద్ధతిలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ ఒంటి బరువు రావాలి. 58 రావాల్సింది 54 వచ్చిందంటే ఆ నాలుగు కిలోలు ఇంకెక్కడికో పోతున్నాయి. కుర్చీకి ఆనుకుని ఉండొచ్చు, గోడకి వేళ్ళు తగులుతుండొచ్చు, మీరు తువ్వాలు బిగించి లాగుతుండొచ్చు. చెయ్యి పట్టుకోవద్దన్నది అందుకే. మొత్తం కలవని కొలతని కొట్టేయండి.

షుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకి ఇదే పరీక్ష కళ్ళు మూయించి ఇంకోసారి చేయండి. కళ్ళు మూయగానే ముళ్ళు ఎంత ఎక్కువ ఊగుతున్నాయో చూస్తే వాళ్ళు చూపు మీద ఎంత ఆధారపడుతున్నారో తెలుస్తుంది. కింద చెప్పబోయే మిగతా పరీక్షలు కళ్ళు మూయించి వద్దు.

రెండో కొలత: అంచులు

ఇప్పుడు కిటికీ వైపు ఎంత వెళ్ళగలరో అంత వెళ్ళి, 5 సెకన్లు ఆగి, తిరిగి మధ్యకి రావాలి. తర్వాత తలుపు వైపు.

మన 58 కిలోల మనిషినే తీసుకుందాం. కుడి అంచులో కుడి 50, ఎడమ 8. లెక్క కడితే 10.1 సెంటీమీటర్లు కుడికి. ఎడమ అంచులో ఎడమ 33, కుడి 25. అంటే మధ్య గీత దాటి ఎడమకి 1.9 సెంటీమీటర్లు మాత్రమే. అతను తిరగగలిగే మేర మొత్తం 12 సెంటీమీటర్లు. ఆ మేరకి సరిగ్గా మధ్య ఎక్కడుంది? మధ్య గీతకి 4.1 సెంటీమీటర్లు కుడికి. ఊరికే నిలబడ్డప్పుడు 3.4 దగ్గర ఉన్నాడు. అంటే అతను నిలబడింది తన క్షేమమైన మేరకి దాదాపు నడిమధ్యన. మనకి వంకరగా కనిపించేది అతని ఒంటికి తెలివైన చోటు. ఇలాంటి మనిషిని అద్దం ముందు నిలబెట్టి "నిటారుగా నిలబడు" అని అరవడం వల్ల ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం. ఎడమ అంచుని బయటికి జరిపే వ్యాయామం ముందు ఇవ్వాలి, నిలబడే చోటు దాని వెనకే జరుగుతుంది. దీనికి వ్యతిరేకంగా, ఎడమకి 8 సెంటీమీటర్లు వెళ్ళగలిగి కూడా 3.4 కుడికే నిలబడే మనిషి ఉంటే అతనిది అలవాటో భయమో నొప్పో అయి ఉంటుంది. అతనికి అద్దం పనికొస్తుంది.

అంచు దగ్గర ఆ 5 సెకన్లలో ముల్లుని చూడండి. బలమైన కాలి మీద ముల్లు పైకెక్కి, ఒక అంకె దాటి, కొంచెం వెనక్కి వచ్చి, సన్నగా ఊగుతూ నిలబడుతుంది. బలహీనమైన కాలి మీద 30 దాకా మెట్లు మెట్లుగా ఎక్కుతుంది: 24, ఆగి 27, మళ్ళీ ఆగి 30. అక్కడ వణుకుతూ 33 తాకి, 5 సెకన్లు కాకుండానే జారిపోతుంది. అదే క్షణంలో పాదాల వంక చూస్తే వేళ్ళు ఫ్లెక్సీని గీరుతూ ముడుచుకుని ఉంటాయి. అత్యధిక అంకె 33 అని మాత్రమే రాస్తే ఇదంతా పోతుంది. "33 తాకింది, 30 దగ్గర 3 సెకన్లు నిలిచింది, వేళ్ళు ముడిచాడు" అని రాయండి.

కొందరు చేయి పక్కకి చాపి గోడ మీది టేపు వెంట ఎంత దూరం అందుకోగలరో చూస్తారు. మంచి పరీక్షే, మెషిన్లు కూడా అక్కర్లేదు. కాకపోతే నడుము పక్కకి వంచేసి, బరువు పెద్దగా మార్చకుండానే చేయి దూరం చాపేయొచ్చు. దాన్ని మెషిన్ల మీద నిలబెట్టే చేయిస్తే దొంగతనం దొరికిపోతుంది.

మూడో కొలత: లయ

సమానంగా టిక్కు టిక్కుమనే మెట్రోనోమ్ యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని నిమిషానికి 60 దగ్గర పెట్టండి. ప్రతి మూడో టిక్కుకి ఒక పక్క చేరాలి, అంటే 3 సెకన్లకి ఒక అంచు. తర్వాత ప్రతి రెండో టిక్కుకి. ఆ తర్వాత, చేయగలిగినవాళ్ళకి మాత్రమే, ప్రతి టిక్కుకీ. ఒక్కో వేగంలో 30 సెకన్లు. ఈసారి అంచుదాకా వెళ్ళనక్కర్లేదు. రెండో కొలతలో వచ్చిన అంచుల్లో సగం దూరం చాలు. ఆ దూరానికి ఎంత బరువు రావాలో ముందే లెక్కకట్టి మెషిన్ అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి, కానీ ఆ గీత మీకోసం. వాళ్ళు గోడని చూస్తూనే ఊగాలి, మీరు "చాలు" అని ఒకటి రెండుసార్లు దారి చూపించండి.

కోరాపుట్ వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళలో థింసా ఆడినవాళ్ళుంటే లయ గురించి చెప్పక్కర్లేదు, టిక్కు వినగానే ఒళ్ళే అందుకుంటుంది. వాళ్ళ విషయంలో లయ తప్పకపోవడాన్ని చూసి బ్యాలెన్స్ బాగుందని రాసేయకండి. ఎంత దూరం వెళ్తున్నారో చూడండి. లయ కాపాడుకోవడానికి దూరం తగ్గించేస్తారు.

వీడియోలో మూడు సంగతులు చూడాలి. ముల్లు మీ గీతని దాటి ఎంత ముందుకు పోతోంది. టిక్కుకీ ముల్లు వెనక్కి తిరిగే క్షణానికీ మధ్య ఎంత ఆలస్యం. రెండు పక్కలా ఆలస్యం ఒకటేనా. పక్షవాతంలో సాధారణంగా కనిపించేది ఇది: బలమైన కాలి మీదకి తొందరగా చేరి అక్కడే తచ్చాడతారు, బలహీనమైన కాలి మీద టిక్కు రాకముందే వెనక్కి తిరిగేస్తారు. సగటు ఆలస్యం బాగానే కనిపిస్తుంది, కాబట్టి రెండు పక్కలకీ విడివిడిగా రాయాలి.

1 సెకను వేగంలో ముల్లు చూపించే దూరాన్ని అసలు రాయకండి. స్ప్రింగు తన ఊపుతో తనే దాటిపోతుంది. పైగా ఆ వేగంలో ఒళ్ళు కదిలేది మెషిన్ చూపించేదాంట్లో సగం చిల్లరే అని పైన చూశాం. ఆ వేగంలో చేయగలిగాడా, ఎన్ని టిక్కుల తర్వాత తప్పాడు అని మాత్రం రాయండి.

టిక్కు ముందే తెలిసిపోయే లయ కాబట్టి మనిషి దాన్ని ఊహించి ముందే బయలుదేరతాడు. చురుకుదనం చూడాలంటే ఊహకి అందకూడదు. మధ్యలో నిలబెట్టి, ఎప్పుడు ఏ పక్క అంటారో తెలియకుండా "కిటికీ" లేదా "తలుపు" అనండి. మాట వినపడ్డప్పటి నుంచి ముల్లు కదలడం మొదలయ్యేదాకా ఎంతసేపో వీడియో చెప్తుంది. సెకనుకి 30 ఫ్రేములు తీసే ఫోన్లో ఒక్కో ఫ్రేము సుమారు 33 మిల్లీసెకన్లు, అంతకంటే సన్నగా చెప్పబోకండి.

వెనక నుంచి చూడాల్సింది

ఇంకో ఫోనుని మనిషి వెనక మూడు మీటర్ల దూరంలో, తుంటి ఎత్తులో స్టూలు మీద పెట్టండి. నడుము కింద, వెన్ను అడుగున రంగు స్టిక్కరు అంటించండి. ఆ స్టిక్కరు ఉన్న దూరంలోనే టేపుని అడ్డంగా పట్టుకుని ఒక సెకను వీడియో తీసుకుంటే, తర్వాత కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్టిక్కరు ఎన్ని సెంటీమీటర్లు కదిలిందో కొలవొచ్చు. టేపుని వెనక గోడకి అంటించి కొలిస్తే దూరం తేడా వల్ల అంకె తప్పుతుంది.

మెషిన్ల లెక్క ప్రకారం 8 సెంటీమీటర్లు పోయినట్టుంది, స్టిక్కరు 3 మాత్రమే కదిలింది, నెమ్మది వేగంలోనే ఇలా జరిగితే మనిషి తుంటిని కాకుండా ఛాతీని ఒంచి బరువు మారుస్తున్నాడు. తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉన్నవాళ్ళు ఇదే చేస్తారు. ఇంకొందరికి బరువు వేసిన కాలికి ఎదురు పక్క కటి కిందకి జారుతుంది. మోకాలు మడతపడటం, నడుము తిప్పేయడం కూడా గమనించండి.

ముందుకీ వెనక్కీ తూలడం రెండు మెషిన్లకి కనపడదు. పక్క నుంచి ఇంకో వీడియో తీస్తే కొంత తెలుస్తుంది. ల్యాబు పద్ధతిలో దీనికో శాతం కడతారు. అనుకున్న దిక్కులో కదిలిన దూరంలో నుంచి దారి తప్పిన దూరాన్ని తీసేసి, అనుకున్న దిక్కులో కదిలిన దూరంతోనే భాగిస్తారు. 10 సెంటీమీటర్లు పక్కకి వెళ్తూ 2 సెంటీమీటర్లు ముందుకి తూలితే 80 శాతం.

ఫోన్ సెన్సార్ దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

జర్మనీలోని ఆచెన్ యూనివర్సిటీవాళ్ళు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోన్లోని త్వరణం సెన్సార్‌ని చూపిస్తుంది. ఫోన్ నడుముకి కట్టి దూరం కొలిచేద్దాం అనిపిస్తుంది. వద్దు, ఎందుకో అంకెలే చెప్తాయి. ఒంటిని మధ్య నుంచి ఇటు 5, అటు 5 సెంటీమీటర్లు, 2 సెకన్ల వేగంతో ఊపితే వచ్చే గరిష్ఠ త్వరణం సెకనుకి సెకనుకి 0.12 మీటర్లు. ఫోన్ ఒక్క డిగ్రీ ఒరిగితే గురుత్వాకర్షణ వల్ల సెన్సార్‌లో కనిపించేది 0.17. అసలు సంగతి కంటే ఒరుగుడే పెద్దది.

అదే బలహీనతని మనకి అనుకూలంగా వాడుకోవచ్చు. ఫోన్‌ని వీపు పైభాగంలో, రెండు రెక్క ఎముకల మధ్య, తెర బయటికి కనిపించేలా నిలువుగా ఎలాస్టిక్ పట్టీతో కట్టండి. గురుత్వాకర్షణతో కలిపి చూపించే త్వరణాన్ని ఎంచుకోండి. మనిషి కుడికి ఛాతీ ఒంచితే అడ్డం అక్షం, అంటే ఎక్స్, రుణంలోకి దిగుతుంది. 10 డిగ్రీలు ఒంచితే సుమారు 1.7 దాకా పోతుంది. తుంటితో సరిగ్గా బరువు మార్చేవాళ్ళలో ఈ గీత పెద్దగా కదలదు.

రాసిపెట్టుకోవడం, మళ్ళీ కొలవడం

మళ్ళీ కొలిచేటప్పుడు అదే సమయం, అవే ఫ్లెక్సీ ముక్కలు, అదే గది. పొద్దున కొలిచినవాళ్ళని సాయంత్రం పని నుంచి వచ్చాక కొలిస్తే అలసటని కొలిచినట్టు.

మీ క్లినిక్‌లో మీ చేతుల్లో ఈ కొలత ఎంత ఊగుతుందో మీరే తెలుసుకోవాలి. జబ్బు లేనివాళ్ళని, జబ్బు ఉండి ఇంకా వ్యాయామం మొదలుపెట్టనివాళ్ళని కొందరిని రెండు వేర్వేరు రోజుల్లో కొలవండి. ఏమీ మారకుండానే వాళ్ళ అంచు ఒకటిన్నర సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతోందనుకోండి. అప్పుడు నెల వ్యాయామం తర్వాత ఒక సెంటీమీటరు పెరిగిందని రోగికి చెప్పి సంతోషపెట్టొచ్చేమో గానీ, కాగితం మీద మెరుగుదల అని రాయకూడదు.

మన దగ్గర్నుంచి పెద్ద డాక్టరుకి చూపించుకోవాలంటే కొందరు బరంపురం ఎంకేసీజీకి వెళ్తారు, కొందరు విశాఖ కేజీహెచ్‌కి. ఒక చోట రాసిన చీటీ ఇంకో చోట చదవలేరు. అందుకని మాటల కంటే బొమ్మ వేసి ఇవ్వండి: అడ్డంగా ఒక గీత, దాని మీద రెండు పాదాల గుర్తులు, మధ్య దూరం, కుడి అంచు, ఎడమ అంచు, ఊరికే నిలబడ్డ చోటు, అన్నీ సెంటీమీటర్లలో. కింద లయ వేగం, ఏ పక్క ముందే తిరిగేస్తున్నాడో ఒక బాణం గుర్తు.

ఇంకా ముందుకు వెళ్ళాలనుకునేవాళ్ళకి

గుణుపురం, పర్లాకిమిడిల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం అడుగుతుంటారు. పాత డిజిటల్ వెయిట్ మెషిన్లు విప్పితే ఒక్కోదాంట్లో నాలుగు మూలలా నాలుగు లోడ్ సెల్స్, అంటే బరువుని పట్టే సెన్సార్లు, ఉంటాయి. ఒక్కో మెషిన్‌కి వాటి సంకేతాన్ని అంకెలుగా మార్చే హెచ్ఎక్స్711 బోర్డు ఒకటి కలిపి ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి ఇస్తే అంకె బిగుసుకుపోయే బాధ ఉండదు. ఆ చిప్ సెకనుకి 10 సార్లు గానీ 80 సార్లు గానీ చదవగలదు. బజారులో దొరికే బోర్డులు చాలావరకు 10కే కట్టి ఉంటాయి, చిప్‌కి ఉన్న రేటు పిన్ కనెక్షన్ మార్చి 80 చేసుకోవాలి. 10తో 3 సెకన్ల లయ తెలుస్తుంది గానీ అంచు దగ్గరి వణుకు తెలియదు.

అప్పుడు లాప్‌టాప్ తెర మీద ఒక చుక్కని పక్కలకి నడిపించి, రోగి తన బరువుతో రెండో చుక్కని దాని వెంట నడిపేలా చేయొచ్చు. చుక్క వేగాన్ని నెమ్మదిగా పెంచుతూ పోతే ఒక దశలో వెంట పడలేక దూరం తగ్గిపోతుంది, ఆలస్యం పెరుగుతుంది. ఏ వేగం దగ్గర అది మొదలైందో అదే ఆ మనిషి హద్దు. ఒకే లయలో తిరిగే చుక్కని ఒకసారి, రెండు మూడు లయలు కలిపి ఊహకి అందకుండా తిరిగే చుక్కని ఒకసారి ఇవ్వండి. మొదటిదాంట్లో బాగా చేసి రెండోదాంట్లో వెనకబడేవాళ్ళకి అలవాటైన ఊపు ఉంది గానీ అప్పటికప్పుడు సర్దుకునే శక్తి తక్కువ. గట్టు మీద ఎదురొచ్చిన మనిషికి దారి ఇవ్వాలంటే కావాల్సింది రెండోదే కాబట్టి, వ్యాయామం కూడా టిక్కులతో కాకుండా ఊహించని పిలుపులతో ఇవ్వండి.